వేచియుండుటయు వైద్యమే: ఒక స్మారకోపన్యాసము



ఎవరి స్మృత్యర్థము మనమిచ్చట సమావేశమైతిమో ఆమె నామధేయము మీ చేతులలోని ఆహ్వానపత్రికపై ముద్రితమై యున్నది. జీవించియున్న దినములలో, ఏ సభయందైనను తన్ను గూర్చిన ప్రశంస ఆరంభమైనంతనే వెనుక ద్వారమున నిష్క్రమించుట ఆమెకు స్వభావము గనుక, నేనీ ఉపన్యాసమున ఆమెను మనమందరము పిలిచినట్లే సిస్టరుగారనియే వ్యవహరించెదను. ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి క్యాజువాల్టీలో యౌవనమున ప్రవేశించి, తల నెరసిన పిమ్మట అచ్చటనే పదవీవిరమణ చేసిన నర్సు ఆమె. షిఫ్టు మారినపుడెల్ల, వెళ్లుచున్నవారు అంతయు సరిగా నున్నదని చెప్పినను, సక్షను యంత్రమును తానే త్రిప్పి చూచుట, లారింగోస్కోపు దీపము వెలుగుచున్నదో లేదో పరీక్షించుట, ఆక్సిజన్ సిలిండరు మీటరు ముల్లు ఎచ్చట నున్నదో కనుగొనుట, ఎమర్జెన్సీ ట్రాలీలోని ఒక్కొక్క ఆంప్యూలుపై గడువుతేదీని చదువుట, బ్లడ్ బ్యాంకునకు ఫోను చేసి ఓ నెగటివ్ రక్తము ఎన్ని సీసాలు గలదో అడిగి తెలిసికొనుట—ఇది ఆమె నిత్యకృత్యము. శస్త్రచికిత్సాశాస్త్రమున నేను చదివిన అధ్యాయములలో పెక్కులు మరపునకు వచ్చినవి గాని, ఈ క్రమము మాత్రము మరపునకు రాలేదు.

ఆమె ఆచరించిన దానిని ఒక సిద్ధాంతముగా మీ ముందుంచుటయే నేడు నేను చేయదలచిన పని. గాయపడిన మానవుని రక్షించునది అతడు వచ్చిన పిమ్మట చేయు చికిత్స మాత్రమే కాదు. అతడు రాకమునుపే అతనికొరకై మేల్కొనియున్న సన్నద్ధత ఆ చికిత్సలో అధికభాగము. అట్టి సన్నద్ధతను పగలనక రాత్రియనక నిలుపగలిగినది ప్రజాధనముతో నడచు బోధనాసుపత్రియే. కావున అట్టి ఆసుపత్రిని అది చేసిన పనిని బట్టియే గాక, అది వేచియున్న కాలమును బట్టియు పోషింపవలెనని నా వాదము. దీనికి నిదర్శనముగా మనకందరకు పరిచితమైన విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆసుపత్రిని గ్రహించెదను.

1

1923వ సంవత్సరము జూలై మాసమున విశాఖపట్టణములో రెండు సంస్థలు జంటగా జన్మించినవి. ఒకటి నేడు ఆంధ్ర వైద్యకళాశాలయని పిలువబడు విద్యాలయము. రెండవది ఐదవ జార్జి చక్రవర్తి పేరిట వెలసిన ఆసుపత్రి. ఆ నెల 19వ తేదీన నాటి మద్రాసు ప్రభుత్వమునకు ప్రధానమంత్రియైన పానగల్ రాజావారు, అనగా పానగంటి రామరాయణింగారు, ఆసుపత్రికి ప్రారంభోత్సవము గావించిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంకను మూడేండ్ల పిమ్మట గాని ఏర్పడలేదు. విశ్వవిద్యాలయము లేని కాలముననే ఉత్తరాంధ్రమున వైద్యవిద్య ఆరంభమైనదన్న మాట. ఆసుపత్రియు కళాశాలయు జంటగా పుట్టుటను మీరు గమనింపవలెనని నా కోరిక. ఏలయనగా ఆసుపత్రిని ముందు కట్టి, తీరిక చిక్కినపుడు కళాశాలను చేర్చినవారు కారు ఆనాటివారు. రోగియు విద్యార్థియు ఒకే కప్పు క్రింద నుండవలెనని ఆరంభముననే నిశ్చయించిరి.

మహారాణిపేటలో కొండవాలుపై, సముద్రమునకు అభిముఖముగా నిలిచిన ఆ భవనసముదాయమును శ్రీకాకుళము మొదలుకొని గోదావరీతీరమువరకు జనులు ‘పెద్దాసుపత్రి’ యందురు. పట్టణవాసులు కేజీహెచ్ అందురు. అచ్చటికి వచ్చువారు విశాఖవాసులు మాత్రమే కారు. పాడేరు, అరకు, చింతపల్లి మన్యముల గిరిజనులు, ఒడిషాలోని కోరాపుట్టు, రాయగడ, మల్కనగిరి జిల్లాలవారు, బస్తరు ప్రాంతమువారు కూడ దానినే తమ కడపటి ఆసుపత్రిగా నెంచుదురు. తెలుగు రాని తల్లి ఒడియాలోనో కువిలోనో తన బిడ్డ బాధను చెప్పుకొనుచుండగా, ఆ భాష ఎరిగిన ఆయాను వెదకి తెచ్చుట అచ్చటి వైద్యమున ఒక భాగము. రోడ్డు లేని కొండపల్లె నుండి గాయపడినవానిని డోలీకట్టి మోసుకొనివచ్చి, ఘాట్‌రోడ్డునకు చేర్చి, అచ్చటినుండి వాహనమెక్కించిన పిదప, అరకునుండి విశాఖకు గల సుమారు 115 కిలోమీటర్ల మలుపుల దారిని గడచి వచ్చువరకు ఎంతకాలము వ్యయమగునో ఊహించుడు. ఆ కాలమును గూర్చియే ఇక చెప్పవలసియున్నది.

2

గాయము ఇతర వ్యాధుల వంటిది కాదు. క్షయరోగి రేపు రావచ్చును. శుక్లములు ముదిరినవాడు వచ్చే నెల రావచ్చును. కాని లారీ చక్రము క్రింద తొడ నలిగినవానికి రేపటి దినము లేదు. రక్తస్రావము మొదలైన శరీరము చల్లబడును. చల్లబడిన రక్తము గడ్డకట్టు శక్తిని కోల్పోవును. గడ్డకట్టని రక్తము మరింత స్రవించును. ప్రాణవాయువు అందని కణజాలమున ఆమ్లత్వము పెరిగి గుండెను కృంగదీయును. ఇట్లు ఒకదానినొకటి పెంచుకొను ఈ మూడు వికారములును ఒక చక్రమై, కొంతదూరము పోయిన తరువాత ఎంతటి శస్త్రవైద్యుని చేతికిని చిక్కక, రోగిని లాగికొనిపోవును. దీనిని తెంచుటకు వేడి దుప్పటి, వెచ్చనిచేసిన సెలైను, సిద్ధముగానున్న రక్తము, నేరుగా థియేటరునకు పోవు మార్గము కావలెను. వీనిలో ఏ ఒక్కటియు రోగి వచ్చిన తరువాత సంపాదించుకొనదగినది కాదు.

బాల్టిమోరు నగరమున ఆర్. ఆడమ్స్ కౌలీ అను శస్త్రవైద్యుడు గాయపడిన తొలి గంటలోనే చికిత్స అందవలెనను ‘గోల్డెన్ అవర్’ అను మాటను ప్రచారమునకు తెచ్చెను. శ్వాసమార్గము మూసికొనిపోయినవానికి గంట కాదు గదా, నాలుగైదు నిమిషములు కూడ ఉండవు. ప్లీహము చిట్లినవానికి మూడు నాలుగు గంటలుండవచ్చును. కావున ఆ గంటను గడియారముతో కొలువరాదు. కాని కాలమే ఔషధమను దాని ఆంతర్యము సత్యము. దీనికి గట్టి సాక్ష్యములు గలవు. అమెరికాలో ఎలెన్ మెకెంజీయు ఆమె సహచరులును 2006లో ప్రకటించిన పరిశోధనయందు, తీవ్రముగా గాయపడి, గాయచికిత్సకై ఎల్లవేళల సన్నద్ధమైన ట్రామా కేంద్రములకు చేరినవారిలో ఒక సంవత్సరము లోపల మరణించినవారు నూటికి 10.4 మంది; అట్టి ఏర్పాటు లేని ఆసుపత్రులకు చేరినవారిలో 13.8 మంది. మందులు అవియే, కత్తులు అవియే, దేశమును అదియే. భేదమంతయు సిద్ధముగా నుండుటయందే కలదు.

మరియొక పరిశోధన మనకు మరింత సమీపమైనది, ఏలన అందు భారతీయులైన రోగులును పాల్గొనిరి. 40 దేశములలో 274 ఆసుపత్రులలో 20,000 మందికి పైగా క్షతగాత్రులపై జరిపి 2010లో వెల్లడించిన ఆ పరీక్ష, ట్రానెక్సమిక్ ఆమ్లమను చౌకమందు రక్తస్రావమువలన కలుగు మరణములను తగ్గించునని నిరూపించినది. అయితే ఒక నియమము: గాయమైన మూడు గంటలలోపల ఈయవలెను, ఆ పిమ్మట ఇచ్చినచో మేలు లేకపోగా కీడు కూడ కలుగవచ్చును. ఇప్పుడు డోలీని, ఘాట్‌రోడ్డును మరల స్మరింపుడు. పెద్దాసుపత్రి గుమ్మముకడ ఆ సూది వేసినచో మన్యమువానికి మూడు గంటలు దాటియే యుండును. ఆ సూది పాడేరులో పడవలెను, లేదా 108 అంబులెన్సులో పడవలెను. అనగా పెద్దాసుపత్రి సన్నద్ధత దాని ప్రహరీగోడతో ముగియునది కాదు.

3

ఇట్టి సన్నద్ధతను ఎవరు నిలుపగలరు? ఈ ప్రశ్నకు చాలమంది ఇచ్చు సమాధానము, స్తోమత గల కార్పొరేట్ ఆసుపత్రులు నిలుపగలవని. వారియందు నాకు ద్వేషము లేదు; వారిలో నా శిష్యులును కలరు, నిపుణులును కలరు. కాని లెక్క ఆలోచింపుడు. అగ్నిమాపక శకటము నెలకెన్ని మంటలార్పినదో లెక్కించి, మంటకింత చొప్పున దానికి ధనమిచ్చు పురపాలకసంఘమును నేనెరుగను; మంటలు లేని దినమునను డ్రైవరు ఉండవలెను, తొట్టిలో నీరుండవలెను. క్షతగాత్రుని విషయమున మాత్రము మనము చేసినదానికే మూల్యమిచ్చు పద్ధతిని అవలంబించితిమి. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము లక్షలాది నిరుపేదలకు శస్త్రచికిత్సలనందించిన మహోపకారి యనుటలో నాకు సందేహము లేదు. అయినను అది చేసిన శస్త్రక్రియకు ప్యాకేజీ ధరను చెల్లించును గాని, రాత్రి రెండు గంటలకు ఖాళీగా నున్న ఆపరేషన్ బల్లకు, దానిప్రక్క కూర్చుండి యుండు మత్తువైద్యునకు, వేడిగా నుంచిన సెలైనుకు చెల్లింపదు. లాభముపై నడచు సంస్థ ఆ ఖాళీని భరింపజాలదు. భరింపుమని దానిని కోరుటయు న్యాయము గాదు.

పైగా క్షతగాత్రుడు తరచు ఒంటరిగా వచ్చును. జేబులో పర్సు ఉండదు, ప్రక్కన అటెండరు ఉండడు, స్పృహ ఉండదు. రిజిస్టరులో ‘అన్‌నోన్ మేల్, సుమారు ముప్పది సంవత్సరములు’ అని వ్రాసికొని చేర్చుకొనగల ద్వారము ప్రభుత్వాసుపత్రిదే. ఒకప్పుడు ‘ఇది పోలీసు కేసు, ముందు స్టేషనుకు పొమ్ము’ అను మాట వైద్యశాలల గుమ్మములయందు ప్రాణములు తీసినది. పరమానంద్ కటారా వ్యాజ్యమున 1989లో సుప్రీంకోర్టు, క్షతగాత్రునకు చికిత్స ముందు, చట్టపు తంతు పిదప అని ప్రతి వైద్యునిపైనను బాధ్యత నుంచెను. 1992లో బెంగాలున రైలునుండి పడిన హకీం షేకను శ్రామికుడు కలకత్తా ప్రభుత్వాసుపత్రులనేకము తిరిగి, ఎచ్చటను పడక దొరకక, తుదకు ప్రైవేటు ఆసుపత్రిలో సొంత వ్యయముతో చికిత్స పొందవలసివచ్చెను. ఆ వ్యాజ్యమున 1996లో తీర్పు చెప్పుచు, ధనము లేదను కారణమున ప్రభుత్వము అత్యవసర వైద్యమును నిరాకరింపరాదని న్యాయస్థానము పలికెను. ఆ రెండు తీర్పులను ప్రతి హౌస్ సర్జను చదువవలెను. అవి న్యాయశాస్త్రముకంటె వైద్యశాస్త్రమునకే అధికముగా చెందినవని నేను తలంచుచున్నాను.

పడకల విషయమై ఒక్కమాట. మన లెక్కలలో పడకలన్నియు నిండియుండు ఆసుపత్రి సమర్థమైనదిగా కీర్తింపబడును. వార్డులలో నేలపై చాపలు పరచిన ఆసుపత్రి, ప్రమాదపు రాత్రి ఏ పడకను ఖాళీచేసి ఎవరినుంచును? 1997 సెప్టెంబరు 14 ఉదయమున విశాఖలోని హిందుస్తాన్ పెట్రోలియం శుద్ధికర్మాగారమున గ్యాసు రేగి మండినపుడు యాభై మందికి పైగా మరణించిరి. 2020 మే 7 వేకువజామున విశాఖ చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురమున కర్మాగారమునుండి వెలువడిన స్టైరీను ఆవిరి వీధులలో వ్యాపించినపుడు, అది లాక్‌డౌన్ కాలమైనను, నిద్రలోనుండి లేచి తూలిపడిన వందలమంది జనులు, చంకలలో బిడ్డలతో, కేజీహెచ్‌కు తీసికొనిరాబడిరి. ఆ వేకువను ముందుగా ఎవరు ఎరుగుదురు? నౌకాశ్రయమును, ఉక్కు కర్మాగారమును, రసాయనశాలలను, జాతీయరహదారిని ఒడిలో పెట్టుకొన్న నగరమునకు కొన్ని పడకలు ఎల్లప్పుడును ఖాళీగా నుండుట వ్యర్థవ్యయము కాదు.

4

ఇక బోధన. నా వాదమునకు ఇది ఆయువుపట్టు గనుక కొంత విస్తరించి చెప్పెదను. సమయము మించినచో అధ్యక్షులవారు క్షమింతురుగాక.

క్యాజువాల్టీలో రాత్రి మేల్కొనియుండువారెవరు? హౌస్ సర్జన్లు, పీజీలు, శిక్షణలోనున్న నర్సులు. బోధన లేని ఆసుపత్రి ఇన్ని చేతులను ఇంత జీతమునకు ఎచ్చటినుండి తెచ్చుకొనగలదు? బోధనాసుపత్రి యందు సన్నద్ధత నిలుచుటకు విద్యార్థియే మూలస్తంభము. అంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. బోధించువాడు ప్రశ్నకు లోబడును. ‘సార్, ఈయనకు ముందు స్కానింగు ఎందుకు పంపలేదు?’ అని పీజీ అడిగినపుడు ఆచార్యుడు కారణము చెప్పవలెను, చెప్పుటకై ఆలోచింపవలెను, ఆలోచించినచో అలవాటుచొప్పున నడచు లోపము బయటపడును. వారమున కొకమారు కూర్చుండి, మరణించినవారి కేసుషీటులను తెరచి, ఏ నిమిషమున ఏమి జరిగినది, ఏమి జరుగక పోయినది అని నిర్భయముగా చర్చించు అలవాటు బోధనాసుపత్రులకే సహజము. గాయమునకు చికిత్స నేర్చుటకు అంతకుమించిన గ్రంథము లేదు.

అయితే దీనికొక చీకటి ప్రక్క కలదు. దానిని దాచుట ధర్మము గాదు. బీదవాని శరీరముపై విద్యార్థి నేర్చుకొనును. నేర్చిన పిదప ధనికునకు చికిత్స చేయును. నూరేండ్లుగా లోకమంతట బోధనాసుపత్రులపై నున్న అపవాదు ఇది. దీనికి నాకు తెలిసిన సమాధానమొక్కటే: నేర్చుచున్న చేతిప్రక్క నేర్చిన చేయి ఉండవలెను, ముఖ్యముగా రాత్రివేళ. పగలు పది గంటలకు వచ్చిన రోగికి ప్రొఫెసరు, రాత్రి రెండు గంటలకు వచ్చినవానికి మొదటి సంవత్సరపు పీజీ—ఈ విభజనను గాయము అంగీకరింపదు. ‘కాల్ డ్యూటీ’ యను పేరిట ఇంటివద్దనుండి ఫోనులో ఇచ్చు సలహా, చిట్లిన కాలేయమునకు సలహాయే గాని చికిత్స గాదు. ట్రామా కేంద్రమను బోర్డు తగిలించిన ప్రతి ఆసుపత్రియందును శస్త్రవైద్యుడొకడు, ఎముకల వైద్యుడొకడు, మత్తువైద్యుడొకడు, సీనియరు హోదాలో, భవనము లోపలనే రాత్రియంతయు ఉండవలెను. ఉన్నవారికి మరునాడు సెలవీయవలెను. ఈ కోరికను నేను గట్టిగా చెప్పుచున్నాను, ఏలన దీనికి ప్రత్యామ్నాయమును నేనెరుగను.

బోధనాసుపత్రి చేయు మరియొక ఉపకారము కంటికి కనబడదు. 1976 ఫిబ్రవరిలో అమెరికాలోని నెబ్రాస్కా పొలములలో ఒక చిన్న విమానము కూలెను. దానిని నడుపుచున్న జేమ్స్ స్టైనర్ ఎముకల శస్త్రవైద్యుడు. ఆ ప్రమాదమున భార్య మరణించెను, పిల్లలు గాయపడిరి. వారిని చేర్చిన పల్లెటూరి ఆసుపత్రియందు గాయమునకు సన్నద్ధత లేమిని చూచి అతడు, దుఃఖమును నిందగా మార్చక, పల్లెవైద్యులకు క్షతగాత్రుని చూడవలసిన వరుసను నేర్పు శిక్షణనొకదానిని సహచరులతో గూడి రూపొందించెను. 1978లో ఆరంభమైన ఆ శిక్షణ నేడు లోకమంతట వ్యాపించినది: ముందు శ్వాసమార్గము, పిదప శ్వాస, ఆ తరువాత రక్తప్రసరణ. మనకు దీనిలోని పాఠమేమి? పాలకొండలోనో, చింతపల్లిలోనో ఏకాకిగా డ్యూటీ చేయుచున్న మెడికల్ ఆఫీసరు పెద్దాసుపత్రిలోనే తన చేతులను తయారుచేసికొని పోయెను. అతడు ఛాతీలో గొట్టము వేయనేర్చినచో, అచ్చట ఒక ప్రాణము నిలుచును. అది ఏ ఆసుపత్రి గణాంకములయందును కేజీహెచ్ ఖాతాలో జమకాదు. ఇటీవల విజయనగరమునను పాడేరునను ప్రభుత్వ వైద్యకళాశాలలు ఏర్పడినవి. శ్రీకాకుళమున అంతకుముందే కలదు. వీనితో విశాఖపై భారము తగ్గునని కొందరు ఊరట చెందుచున్నారు. భారము తగ్గుటకంటె, ఆ కళాశాలల క్యాజువాల్టీలకు పెద్దాసుపత్రి గురుస్థానమున నిలుచుట నాకు ముఖ్యమని తోచుచున్నది.

5

మన దేశమున 2022వ సంవత్సరమున రోడ్డుప్రమాదములలో మరణించినవారి సంఖ్య, కేంద్రప్రభుత్వపు లెక్కచొప్పున, 1,68,491. గంటకు పందొమ్మిది మంది. నేనీ వేదికనెక్కినది మొదలు ఇప్పటివరకు ఎందరైరో మీరే గణించుకొనుడు. 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమైన 108 సేవ, ఆనాటివరకు ఆటోలలోను, పోలీసు జీపులలోను మోసుకొనిపోబడిన మన క్షతగాత్రులను స్ట్రెచరుపై, ఆక్సిజనుతో, శిక్షణ పొందిన మనుష్యుని తోడుతో ఆసుపత్రికి చేర్చుట నేర్పినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణ, దారిలో పడియున్నవానిని ఆసుపత్రికి తెచ్చిన పుణ్యాత్ముని, ఆ సాయమున జరిగిన పొరపాటునకై సివిలు గాని క్రిమినలు గాని చర్యకు గురిచేయరాదని శాసించినది. దారి బాగుపడుచున్నది, దారి చివరనున్న గుమ్మమును ఇక చూడవలెను.

ఇన్నియు చెప్పితివి గాని ధనమెచ్చటనుండి తెత్తువని విద్యార్థులలో ఎవరైన అడుగవచ్చును. నాలుగంతస్తుల క్రొత్త భవనమును నేను అడుగుట లేదు. భవనములు అడుగక పోయినను వచ్చుచునే యున్నవి. శిలాఫలకములకు లోటు లేదు. నేను అడుగునవి రాత్రి సీటీ స్కాను తీయు టెక్నీషియను, స్ట్రెచరు తోయు వార్డుబాయి, కాంట్రాక్టు గడువు తీరిపోవునను భయము లేని నర్సు, ఎల్లప్పుడు నిలువయుండు నాలుగు సీసాల ఓ నెగటివ్ రక్తము, చెడిపోయిన మానిటరు బాగుచేయుటకు టెండరు ఫైలుతో పనిలేని ఒక చిన్న మొత్తము. వీనిని బడ్జెటులో ‘సన్నద్ధతా వ్యయ’మని ఒక పద్దు క్రింద వేరుచేసి చూపవలెను. ఎందరు రోగులు వచ్చిరి, ఎన్ని ప్యాకేజీలు క్లెయిము చేసితిరి అని ఆ పద్దును ప్రశ్నింపరాదు. దానిని ప్రశ్నింపవలసిన రీతి వేరు: ఏప్రిలు నెల పదునాలుగవ తేదీ రాత్రి మూడు గంటలకు మీ బల్ల సిద్ధముగా నుండెనా? మత్తువైద్యుడెచ్చట నుండెను? రక్తమెంత నుండెను? హెచ్చరిక లేకుండ వచ్చి ఈ ప్రశ్నలడుగు తనిఖీ అధికారి యొకడు కావలెను.

చివరగా ఒక రిజిస్టరు. క్షతగాత్రులకొరకు మాత్రమే ఉంచబడు రిజిస్టరు. అందు ప్రతి రోగికిని ఐదు సమయములు వ్రాయవలెను: గాయమైన సమయము, 108 ఎక్కిన సమయము, క్యాజువాల్టీ గుమ్మము చేరిన సమయము, సీనియరు వైద్యుడు ముట్టి చూచిన సమయము, మొదటి రక్తపుసీసా ఎక్కిన సమయము. నెలకొకమారు ఆ పట్టికను, రోగుల పేర్లు లేకుండ, విద్యార్థులును, అటెండర్లును, పత్రికలవారును చూచునట్లు క్యాజువాల్టీ గోడపై అతికింపవలెను. దీనికి ప్రభుత్వపు ఉత్తర్వు అక్కరలేదు. సూపరింటెండెంటుగారి సంతకము చాలును. ప్రిన్సిపాలుగారును, సూపరింటెండెంటుగారును ఈ సభలోనే ఉన్నారు గనుక, రాబోవు నెల ఒకటవ తేదీనుండి దానిని ఆరంభింపవలసినదిగా వారిని ప్రార్థించుచున్నాను. గీతలు గీచిన మొదటి పుస్తకమును నేను వెంట తెచ్చితిని, సభానంతరమున వారికి అందజేసెదను.